ముంబయిలో ఒంటరిగా దిగే ఆడపడుచు: దారి, గల్లీ, బస

మన చేనేత కుటుంబాల నుంచి ముంబయికి వచ్చేవారిలో ఒకప్పుడు మగవారే యెక్కువ. కరీంనగరం, సిరిసిల్ల, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నుంచి మిల్లు పనికి వచ్చినవాడు పదిమందితో కలిసి ఒక ఖోలీలో తల దాచుకొని, ఖానావళిలో అన్నం తిని, కొన్నేళ్లకు ఒక గది చేతికి వచ్చిన తరువాత భార్యను పిలిపించుకొనేవాడు. ఆమె వచ్చినా మరిదితోనో తమ్మునితోనో కలిసి వచ్చేది. యిప్పుడు సంగతి వేరు. పరీక్ష రాయడానికి, నర్సు కొలువుకు, ఆఫీసు ఉద్యోగానికి, పరేలులోని టాటా ఆసుపత్రిలో తల్లికి వైద్యం చేయించడానికి మన ఆడపిల్లలు ఒంటరిగానే బండి యెక్కుతున్నారు.

యీ విషయమై మన యిళ్లలో రెండు మాటలు వినిపిస్తాయి. "ముంబయా? ఆడపిల్లను వొంటిగా పంపేది లేదు" అనేది ఒకటి. "అక్కడ మన వాళ్లు వున్నరు, వాళ్లే చూసుకుంటరు" అనేది రెండవది. రెండూ తొందరపాటు మాటలే అని మేము అనుకుంటున్నాము. మొదటి మాట పిల్ల చదువును, కొలువును ఆపివేస్తుంది. రెండవ మాట ఆమెకు దారి చెప్పకుండా, తలుపు యెవరు తెరుస్తారో చెప్పకుండా స్టేషనులో దింపి వస్తుంది. అపాయం యెక్కడ వుంటుందో, యెక్కడ వుండదో తెలుసుకొంటే యీ రెండింటి అవసరమూ వుండదు.

ముందుగా కామాఠీపుర సంగతి చెప్పవలసి వున్నది. ముంబయిలో మన వాళ్ల బస అనగానే ఆ పేరు వస్తుంది. ఆ పేరు వినగానే వూళ్లో పెద్దలు ముఖం తిప్పుకొంటారు. పెళ్లి సంబంధాల కాడ ఆ చిరునామా చెప్పడానికి జంకి "నాగ్‌పాడా" అనీ, "ముంబయి సెంట్రల్ దగ్గర" అనీ చెప్పుకొనే కుటుంబాలు వున్నాయి. నిజానికి ఆ పేరు మన వాళ్ల కష్టం మీద పుట్టింది. వర్లీ దగ్గర సముద్రపు నీటికి హార్న్‌బీ కట్ట వేసిన తరువాత లోపలి పల్లపు నేలలు ఆరాయి. పద్దెనిమిదవ శతాబ్దం చివర తెలంగాణా ప్రాంతం నుంచి వచ్చిన కూలీలు ఆ నేలమీద గుడిసెలు వేసుకొన్నారు. కట్టడాల పని చేసే ఆ తెలుగు కూలీలనే కామాఠీలు అన్నారు. మగవారితో సమానంగా ఆడవారు సున్నమూ ఇటుకా మోశారు. వారిలోనుంచే తరువాతి కాలంలో పేరుమోసిన తెలుగు మేస్త్రీలు, కాంట్రాక్టర్లు వచ్చారు. 1873లో జోతీరావు ఫూలే సత్యశోధక సమాజం పెట్టినప్పుడు ముంబయిలో ఆయనకు అండగా నిలిచినవారిలో యీ తెలుగు కాంట్రాక్టర్లు వున్నారు.

చెడ్డ పేరు తరువాత వచ్చింది, పైనుంచి వచ్చింది. ఇంగ్లీషు ప్రభుత్వం వేశ్యావాటికలను వూరంతా వుండనీయకుండా, కొన్ని వీధులకు నెట్టి పోలీసు కంటికింద పెట్టుకోవాలనుకొన్నది. అందుకు కూలీల పేట అనుకూలంగా దొరికింది. యూరపు నుంచి, జపాను నుంచి తెచ్చిన స్త్రీలను కూడా ఆ చుట్టుపక్కల వుంచారు. సుక్లాజీ వీధికి "సఫేద్ గల్లీ" అనే పేరు అప్పటిదే. తెలుగు, కన్నడ జిల్లాల నుంచి మోసపోయి వచ్చిన ఆడవాళ్లూ ఆ గదులలో చిక్కుకొన్నారు. వాళ్లు కూడా యెవరి ఆడపడుచులో అని మరచి మాట్లాడడం మనకు తగదు. 2022లో విడుదలైన "గంగూబాయి కాఠియావాడి" చిత్రం మీద కామాఠీపుర నివాసులు అభ్యంతరం చెప్పి హైకోర్టు దాకా వెళ్లారు. కోర్టు వారి మాట అంగీకరించలేదు. కాని పేరుకు పట్టిన మకిల గురించి వారి బాధ యెంతటిదో దేశానికి తెలిసింది.

అక్కడ సంఖ్యలతో పిలిచే గల్లీలు వున్నాయి. ఒక్కొక్క గల్లీ ఒక్కొక్క రకం. సంసారులు తరతరాలుగా కాపురం వున్న గల్లీ వున్నది, తోలు సంచుల పనివారు, అచ్చు పనివారు, పాత సామాను అమ్మేవారు నిండిన గల్లీ వున్నది. వేశ్యావాటికలు ఒకనాటి మాదిరిగా యిప్పుడు లేవు, చాలా తగ్గినవి. కనుక "కామాఠీపురలో మేనత్త యిల్లు వున్నది, పోవచ్చునా?" అని అడిగితే, పోవచ్చును అనే మా జవాబు. అయితే మేనత్త యే గల్లీలో వున్నదో, ఆ గల్లీకి యే పెద్ద రోడ్డు వైపునుంచి రావలెనో ముందే అడిగి రాసుకోవలెను. బెలాసిస్ రోడ్డు వైపునుంచి వచ్చే దారి వేరు, మౌలానా షౌకత్ అలీ రోడ్డు వైపునుంచి వచ్చే దారి వేరు. సంఖ్య తప్పి పక్క గల్లీలో తిరుగుతూ దారి అడిగే కొత్త మనిషిని అందరూ చూస్తారు, కొందరు చూడకూడని విధంగా చూస్తారు. మొదటిసారి వచ్చేటప్పుడు పగటిపూటనే చేరవలెను. యింటివారిలో ఒకరు గల్లీ మొగకు వచ్చి నిలబడవలెను. ఆ మనిషి అక్కడి కిరాణా దుకాణంవానికి "మా కోడలు, వారం రోజులు వుంటది" అని ఒక్క మాట చెబితే చాలు. ఆ తరువాత ఆ గల్లీ ఆమెను తన మనిషిగానే చూస్తుంది. బంధువులు లేకుండా ఆ చుట్టుపక్కల లాడ్జీలో దిగడం మాత్రం కూడదు. పేరుకు భయపడి యీ మాట చెప్పడం లేదు. ఆ లాడ్జీలలో పక్క గదిలో యెవరు దిగారో యెవరికీ లెక్క వుండదు.

యిక పేరును బట్టి కాక స్థలాన్ని బట్టి అపాయం యెట్లా వుంటుందో చెబుతాము. మిల్లులు నడిచిన కాలంలో లాల్‌బాగ్, పరేలు, వర్లీ, ప్రభాదేవి వీధులు రాత్రి నిద్రపోయేవి కావు. ఒక పాళీ దిగుతుంటే ఇంకొక పాళీ యెక్కేది. టీ దుకాణం తెరిచి వుండేది, ఖానావళి దీపం వెలిగేది. 1920ల దశకంలో ముంబయి మిల్లు కార్మికులలో సుమారు ఐదవ వంతు ఆడవారే. ముఖ్యంగా నూలు చుట్టే ఖాతాలలో పనిచేసేవారు. వాళ్లు తెల్లవారు చీకటిలో ఆ వీధుల్లో నడిచి పనికి పోయారు. చట్టాలు ఆడవారిని రాత్రి పని నుంచి తప్పించాయి. 1948 ఫ్యాక్టరీల చట్టం సాయంత్రం 7 నుంచి ఉదయం 6 దాకా వారికి పని కూడదన్నది. వీధి దీపం పెంచడానికి బదులు ఆడమనిషిని యింట్లో వుంచడం ప్రభుత్వాలకు యెప్పుడూ సులువే. 1982 జనవరి 18న మొదలైన సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటీ మూతబడ్డాయి. పాళీ జనం పోయినారు. గోడల వెనుక యెకరాల కొద్దీ పాడుబడ్డ కొట్టాలు మిగిలినాయి.

2013 ఆగస్టు 22న మహాలక్ష్మి దగ్గర అట్లా పాడుబడ్డ శక్తి మిల్లు ఆవరణలో ఒక యువ ఫోటోగ్రాఫరు మీద సామూహిక అత్యాచారం జరిగింది. అది అర్ధరాత్రి కాదు, సాయంకాలం. ఆమె ఒంటరి కాదు, తోడుగా పని చేసే మగవాడు వున్నాడు. అతన్ని కట్టివేశారు. ఆమె ధైర్యంగా ఫిర్యాదు చేసినందున నేరస్థులు దొరికి శిక్షలు పడ్డాయి. యీ సంగతిని మన పెద్దలు బాగా ఆలోచించవలెను. "చీకటి పడకముందే రా", "మగతోడు లేకుండా పోకు" అని మనం చెప్పే రెండు జాగ్రత్తలూ ఆనాడు ఆమెకు వున్నవి. లేనిది జనం. రాత్రి పది గంటలకు దాదరు పూల మార్కెట్టు దగ్గర నడిచే పిల్లకంటే మధ్యాహ్నం మూతబడ్డ మిల్లు గోడ పక్క అడ్డదారిలో నడిచే పిల్లకే అపాయం యెక్కువ. దగ్గర దారి అని యెవరు చెప్పినా గోడవెంట దారి పట్టవద్దు.

అయితే జనం మరీ యెక్కువైనా ప్రమాదమే. 2017 సెప్టెంబరు 29న యెల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను వంతెన మెట్ల మీద తొక్కిసలాటలో 23 మంది చనిపోయినారు. మన ప్రభాదేవి, పరేలు వాళ్లు రోజూ యెక్కి దిగే మెట్లు అవి. 2018 నుంచి ఆ స్టేషనుకు ప్రభాదేవి అని పేరు. వాన పడుతుంటే మెట్ల మీద ఆగక, జనం తగ్గేదాకా ప్లాట్‌ఫారం మీదనే వుండడం మంచిది.

మన తెలుగువారు మరువలేని సంగతి ఇంకొకటి వున్నది. 2014 జనవరి 5 తెల్లవారుజామున మచిలీపట్నం అమ్మాయి ఒకరు, 23 యేండ్ల ఇంజనీరు, సెలవులకు యింటికి పోయి తిరిగి వస్తూ కుర్లాలోని లోకమాన్య తిలక్ టెర్మినసులో దిగింది. అంధేరీలో వున్న హాస్టలుకు చేరలేదు. పది రోజులు దాటిన తరువాత నగరపు తూర్పు పెద్ద రోడ్డు పక్క పొదల్లో ఆమె దేహం దొరికింది. ఒకనిమీద కేసు నడిచింది. సెషన్స్ కోర్టు 2015లో మరణశిక్ష వేసింది, హైకోర్టు 2018లో ఖాయపరచింది, సుప్రీంకోర్టు 2025 జనవరిలో సాక్ష్యం చాలదని అతన్ని విడుదల చేసింది. అందువల్ల ఆనాడు ఆమెను యెవరు యేమి చెప్పి తీసుకుపోయినారో చెప్పే అధికారం మనకు లేదు. అయినా ఒకటి స్పష్టం. ఆమె ముంబయికి కొత్త మనిషి కాదు, చదువుకొన్నది, కొలువు చేస్తున్నది. బండి దిగిన చోటుకూ గది తలుపుకూ నడుమ వున్న ఆ కొద్దిపాటి దూరంలోనే ఆమె కనబడకుండా పోయింది.

కనుక మన జాగ్రత్త అంతా ఆ నడిమి దూరం మీదనే పెట్టవలెను. మనం పిల్లకు పచ్చడి సీసాలు, పిండివంటలు కట్టి యిచ్చేటంత శ్రద్ధగా ఆ దారి లెక్క చూస్తున్నామా? బండి టిక్కెట్టు తీసేటప్పుడే వెలుగులో చేరే బండిని చూడవలెను. బండి చీకటితో చేరితే ప్లాట్‌ఫారం మీదనో, ఆడవారి వెయిటింగు గదిలోనో తెల్లవారేదాకా కూర్చోవలెను. అందులో చిన్నతనం లేదు. వర్లీ, పరేలు పోయేవారికి దాదరు దగ్గర. కామాఠీపురకు లోకల్ బండిమీద బైకలా గాని, పడమటి లైనులో గ్రాంట్ రోడ్డు, ముంబయి సెంట్రల్ గాని దగ్గర. 2025 అక్టోబరు నుంచి భూగర్భ మెట్రో బండి వర్లీ నుంచి గ్రాంట్ రోడ్డు మీదుగా కఫ్ పరేడ్ దాకా నడుస్తున్నది. భివండీలో సాంచాల మీద పనిచేసే మన వాళ్ల యిండ్లకు పోయేవారు ముంబయి దాకా రానే అక్కరలేదు, కల్యాణులో దిగి బస్సు పట్టుకోవచ్చును.

ఆటోల గురించి ఒక మాట. సయాన్, మాహిం దాటి దక్షిణానికి ఆటోలు నడవవు. అక్కడ పసుపు కప్పు నల్ల టాక్సీలు, బస్సులే. కనుక కుర్లాలో దిగినామెతో "వర్లీకి ఆటోలో దింపుతాను" అనేవాని మాట అక్కడికక్కడే అబద్ధమని తెలిసిపోతుంది. ప్లాట్‌ఫారం మీదికి వచ్చి సామాను అందుకొనేవాడు యెంత మర్యాదగా తెలుగులో మాట్లాడినా వెంట పోరాదు. అసలు తెలుగు వినగానే కరిగిపోవడం మనలో వున్న బలహీనత. "మాది మీ వూరి పక్కనే అక్కా" అనే మాటకు మనం కరిగినంతగా ఇంకెవరూ కరగరు. టాక్సీ నంబరును పైకి చదివి యింటికి ఫోనులో చెబితే డ్రైవరు కూడా వింటాడు. వినడమే కావలసింది.

లోకల్ బండిలో లేడీజ్ డబ్బా వుంటుంది. డబ్బా మీద ఆడమనిషి బొమ్మ చూసి పోల్చుకోవచ్చును. అందులో కొన్ని డబ్బాలు రోజంతా ఆడవారికి, కొన్ని కొన్ని గంటలకే. 1992 మే 5న పడమటి రైల్వేలో చర్చ్‌గేటు, బోరివలీ నడుమ మొత్తం ఆడవారికే కేటాయించిన బండి మొదలైంది. రాత్రి ఆలస్యమైతే ఖాళీ లేడీజ్ డబ్బా యెక్కడం కంటే పోలీసు కూర్చున్న డబ్బా చూసుకొని యెక్కడం, అదీ లేకుంటే సంసారులు నిండిన మామూలు డబ్బాలో నిలబడడం మేలు. పైన చెప్పిన మిల్లు గోడ సంగతే యిక్కడా వర్తిస్తుంది. డబ్బాలో చేపల గంపతో కూర్చున్న కోలీ ఆడమనిషిని "మావశీ" అని, ఆఫీసు అమ్మాయిని "తాయీ" అని పిలిచి చూడండి. మావశీ అంటే పినతల్లి, తాయీ అంటే అక్క. ఆ డబ్బాలో ఆమె వున్నంతసేపు మీకు యెవరి భయమూ వుండదు. "మలా మదత్ కరా", అంటే నాకు సాయం చేయండి, అనే యీ మరాఠీ మాటను పిల్లలకు కంఠస్థం చేయించండి.

యిక బస. మన చాళ్లలో వుండేవారికి యీ భాగం పాతదే, వూళ్లలో వుండేవారి కోసం రాస్తున్నాము. 1920ల దశకంలో ప్రభుత్వం వర్లీ, నాయగావ్, డిలైల్ రోడ్డు, శివడీలలో 207 బి.డి.డి. చాళ్లు కట్టింది. అందులో 121 వర్లీలోనే. అంతస్తుకు యిన్ని గదులు, గది 160 చదరపు అడుగులు, నడుమ పొడుగాటి వసారా, పాయిఖానాలు అందరికీ ఉమ్మడి. యీ వసారాయే ఆడపిల్లకు కాపలా. తలుపులు పగలంతా తెరిచి వుంటాయి. మెట్లు యెక్కిన కొత్త ముఖాన్ని పదిమంది చూస్తారు. లాడ్జీ గొళ్లెం యివ్వలేని భద్రత అది. కాని ఆ కళ్లే పిల్ల యెన్ని గంటలకు వచ్చిందో, యెవరితో మాట్లాడిందో లెక్కపెడతాయి. ఆ లెక్కకు జడిసి పిల్ల వెనుక మెట్ల చీకటిదారిన రావడం మొదలుపెట్టిందంటే కాపలా కాస్తా అపాయంగా మారినట్టే. రాత్రి పాళీ కొలువు చేసే అమ్మాయి ముందు మెట్ల మీదనే తల యెత్తుకొని రాగలిగేటట్టు చూడవలసిన పూచీ చాలులోని పెద్దలది.

గది చూడవచ్చినప్పుడు అద్దె, డిపాజిట్టు అడగడానికి ముందు రాత్రి పాయిఖానాకు యెటు పోవలెనో అడగండి. అక్కడ బల్బు వెలుగుతున్నదా, లోపల గొళ్లెం వున్నదా స్వయంగా చూడండి. ముంబయిలో ఆడవాళ్ల భయాలలో సగం అక్కడే వున్నవి, సిగ్గుపడి యెవరూ పత్రికలలో రాయరు. ఇంకొకటి కూడా సిగ్గు విడిచి చెప్పవలసినదే. 160 అడుగుల గదిలో యేడెనిమిది మంది పడుకొనే చోటికి వయసు వచ్చిన పిల్లను పంపేటప్పుడు ఆమె పక్క యెవరి పక్కన వేస్తారో తల్లి ముందే అడగవలెను. "చిన్నమ్మా, మా పిల్లకు నీ పక్కనే చోటు యియ్యి" అనడంలో తప్పు లేదు, అట్లా అన్నందుకు నొచ్చుకొనే యింటికి పంపనక్కర లేదు. పిల్ల తిరిగివచ్చి "ఆ యింటికి మళ్లీ పోను" అంటే కారణం చెప్పమని గద్దించకుండా, ముందు ఆ మాట నమ్మండి.

2025 ఆగస్టులో వర్లీ చాళ్ల స్థానంలో లేచిన టవర్లలో 556 కుటుంబాలకు మొదటి విడతగా 500 అడుగుల యిండ్లు యిచ్చారు. మన వాళ్లకు సొంత పాయిఖానా వచ్చింది, లిఫ్టు వచ్చింది, వాచ్‌మన్ వచ్చినాడు. వసారా పోయింది. తలుపు మూసుకొంటే పక్కింటి పేరు తెలియదు. అంతస్తులో యెవరు వుంటున్నారో ఆడవారైనా ఒకరి నంబరు ఒకరు రాసుకొంటే వసారా లోటు కొంత తీరుతుంది.

బంధువులు లేనివారికి వై.డబ్ల్యు.సి.ఎ. వంటి ఆడవారి హాస్టళ్లు వున్నాయి. టాటా ఆసుపత్రి రోగుల వెంట వచ్చేవారికి దాదరులోని గాడ్గే మహరాజ్ ధర్మశాల పాతకాలం నుంచి ఆశ్రయం యిస్తున్నది. చోటు దొరుకుతుందో లేదో వూరినుంచే కనుక్కొని బయలుదేరండి. అద్దె గదికి లిఖితపూర్వకమైన ఒప్పందం, పోలీసు స్టేషనులో అద్దెదారు నమోదు అడిగి చేయించుకోండి. నమోదు వద్దనే యజమాని గది మీకు వద్దు.

కొలువు యిప్పిస్తామని వూళ్లలో తిరిగేవారి సంగతి మరువరాదు. పని యేమిటో, జీతం యెంతో చెబుతారు గాని యజమాని చిరునామా రాసి యివ్వరు. "ముంబయి పోయినంక చెప్త" అంటారు. కామాఠీపుర గదులలోకి పోయిన ఆడవాళ్లలో అనేకులు యీ మాట మీదనే బండి యెక్కారు. 1986 నుంచి అక్కడ పనిచేస్తున్న "ప్రేరణ" సంస్థ ఆ స్త్రీల బిడ్డలకు రాత్రిపూట ఆశ్రయం నడుపుతున్నది. చిరునామా లేని కొలువుకు బిడ్డను పంపరాదు. చిరునామా యిస్తే అక్కడున్న మన వాళ్లలో ఒకరిని పోయి చూసి రమ్మనండి. ముంబయిలో ఆ పని ఒక పూటలో అవుతుంది.

ఆపద వస్తే అన్నిటికీ 112. ముంబయి పోలీసులు ఆడవారికి, పిల్లలకు, వృద్ధులకు ప్రత్యేకించిన నంబరు 103. రైలులో 139, లోకల్ రైల్వే పోలీసులకు 1512. మనిషి కనబడకపోతే "మా పరిధి కాదు, ఆ స్టేషనుకు పోండి" అని తిప్పిపంపే వీలు పోలీసులకు లేదు. నేరం యెక్కడ జరిగినా యే స్టేషనులోనైనా ఫిర్యాదు నమోదు చేయవలెనని 2024 జూలై 1 నుంచి అమలులో వున్న కొత్త చట్టంలోనే రాసివున్నది. సిరిసిల్లలోని తండ్రి సిరిసిల్ల స్టేషనులోనే రాయించవచ్చును, ముంబయికి బండి యెక్కేదాకా ఆగనక్కర లేదు. సాక్ష్యం పేరుతో ఆడమనిషిని స్టేషనుకు పిలిపించరాదు, ఆమె వున్న చోటికే వచ్చి అడగవలెను.

సెల్‌ఫోను పోయినా, ఛార్జింగు అయిపోయినా పనికివచ్చేటట్టు ఒక కాగితం ముక్క మీద చేరవలసిన యింటి చిరునామా, గల్లీ సంఖ్య, దగ్గరి పెద్ద రోడ్డు, యిద్దరి ఫోను నంబర్లు తెలుగులోనూ మరాఠీలోనూ రాసి రవిక జేబులోనో పర్సులోనో పెట్టుకోవాలి. మరాఠీ రాయడం రానివారికి మన చాళ్లలో మునిసిపాలిటీ బడిలో చదివిన పిల్లలు ఫోను ద్వారా రాసి పంపుతారు.